లాగే బలం, మోసే బలం, ఆపే బలం

అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం పడమటి అంచున, కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ ఉంది. ఆ నదీతీరం నుంచి తూర్పు కొండల్లోకి ఎక్కే 68వ నంబరు రాష్ట్ర రహదారి గురించి మామూలు ప్రయాణికులకు పెద్దగా తెలియదు గానీ, పికప్ ట్రక్కులు తయారుచేసే ఇంజనీర్లలో అది తెలియనివాళ్ళు ఉండరు. సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఆ రోడ్డు దాదాపు 900 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. ఎండాకాలంలో అక్కడ 38 డిగ్రీల వేడి మామూలే. ఒక పికప్ ఎంత బరువు లాగగలదో తేల్చే పరీక్షల్లో ముఖ్యమైనది ఈ దారిలోనే జరుగుతుంది. కంపెనీ చెప్పుకున్నంత బరువున్న ట్రెయిలర్‌ను వెనక తగిలిస్తారు. లోపల ఏసీని ఆఖరిదాకా తిప్పుతారు. ఆ తర్వాత కొండ ఎక్కిస్తారు. వెనక ఇరుసుకు రెండు చక్రాలే ఉన్న ట్రక్కు గంటకు 64 కిలోమీటర్ల కంటే, నాలుగు చక్రాలున్న ట్రక్కు 56 కిలోమీటర్ల కంటే నెమ్మదించకూడదు. ఎక్కడా వేడెక్కి మొరాయించకూడదు.

వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ 2008లో ఈ పరీక్షలన్నిటినీ కలిపి జె2807 అనే ప్రమాణంగా ప్రకటించింది. అంతకుముందు ఎవరి కొలత వాళ్ళది. ఒక కంపెనీ ప్రకటనలో కనిపించిన అంకెను మించిన అంకెను మరుసటి ఏడాది ఇంకో కంపెనీ వేసేది. ఆ అంకె ఎలా వచ్చిందో కొనేవాడికి తెలిసే దారి ఉండేది కాదు. కొత్త ప్రమాణంలో కొండ ఎక్కడంతో పాటు మరికొన్ని పరీక్షలున్నాయి. వాటిలో ఒకటి నూటికి 12 వంతుల ఏటవాలు మీద ఆగి ఉన్న బండిని 5 నిమిషాల్లోపు 5 సార్లు ముందుకూ, 5 సార్లు వెనక్కూ కదిలించడం. పెద్ద కంపెనీలన్నీ క్రమంగా ఈ దారికి వచ్చాయి కాబట్టి ఇవాళ వాటి అంకెలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

అయితే పక్కన పెట్టి చూడాల్సిన అంకె ఏది? అందరూ లాగే బరువునే చూస్తారు. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది, నిజంగా పని చేసుకునే మనిషికి ఆ అంకె చివరిగా చూడాల్సినదని. దానికంటే ముందు అడ్డుపడే పరిమితులు రెండున్నాయి. వెనక ఇరుసు మీద ఎంత మోయవచ్చు అన్నది మొదటిది, దిగుడులో ఎంతసేపు ఆపుకోవచ్చు అన్నది రెండోది. లెక్కలు వేసి చూస్తే, ఏ కంపెనీ ట్రక్కు కొనాలన్న ప్రశ్న కంటే ఏ తరగతి ట్రక్కు కొనాలన్న ప్రశ్నే పెద్దదని తేలుతుంది.

ఎవరి బండ్లు ఇవి

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్ళు ఈ బండ్లను రోజూ హైవే మీద చూస్తూనే ఉంటారు. పశువులతో నిండిన పొడవాటి ట్రెయిలర్‌ను లాక్కుపోయే రైతు, గుంతలు తవ్వే యంత్రాన్ని పని దగ్గరికి చేరవేసే కాంట్రాక్టరు, ఇంటినే చక్రాల మీద పెట్టుకుని దేశం తిరిగే రిటైరైన దంపతులు, పశ్చిమ టెక్సస్ చమురు క్షేత్రాలకు పైపులు మోసే డ్రైవరు, వీళ్ళందరూ వాడేది ఈ జాతి ట్రక్కునే. మన దగ్గర పికప్ అంటే కళ్ళముందు కదిలే బొలెరో బరువంతా తన తొట్టిలోనే మోస్తుంది. అమెరికా హెవీ డ్యూటీ పికప్ తన తొట్టిలో కొంత మోస్తూ, వెనక దానికి అనేక రెట్లు లాగుతుంది.

ఈ రంగంలో ముఖ్యంగా పోటీపడేవి మూడు వంశాలు. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో ఎఫ్-250, 350, 450 ఉన్నాయి. 1999 మోడల్ నుంచి ఫోర్డ్ వీటిని తేలికపాటి ఎఫ్-150 నుంచి పూర్తిగా వేరుచేసి కొత్త చట్రం మీద కట్టింది. రెండోది ర్యామ్ 2500, 3500. ఒకప్పుడు డాడ్జ్ పేరుతో అమ్మిన ఈ ట్రక్కుల్లోకి 1989 మోడల్‌లో కమిన్స్ డీజిల్ ఇంజను చేరింది. అప్పటి బలం 160 హార్స్‌పవర్. మూడోది జనరల్ మోటార్స్ వారి షెవ్రొలే సిల్వరాడో హెచ్‌డీ, దాని తోబుట్టువు జీఎంసీ సియెరా హెచ్‌డీ. వీటిలోని డ్యురామాక్స్ డీజిల్ జపాన్‌కు చెందిన ఇసుజుతో కలిసి తయారై 2001 మోడల్‌లో వచ్చింది.

పాతకాలంలో ఈ ట్రక్కులను అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను బండ్లని పిలిచేవారు. తొట్టిలో ఎంత వేయవచ్చో పేరే చెప్పేది. పేర్లు మిగిలాయి గానీ వాటి అర్థం ఏనాడో పోయింది. ఇప్పటి ఒక టన్ను ర్యామ్ 3500ను సరైన అమరికలో కొంటే 3,400 కిలోలకు పైగా మోస్తుంది. చట్టం చూసేది ఈ పేర్లను కాదు, బండి బరువూ సామాను బరువూ కలిపి కంపెనీ నిర్ణయించిన మొత్తం పరిమితిని. అది 4,536 కిలోల లోపైతే ఒక తరగతి, అక్కడి నుంచి 6,350 కిలోల దాకా ఇంకో తరగతి. పౌండ్లలో ఇవి 10,000, 14,000. ముప్పావు టన్ను ట్రక్కుల్లో చాలావాటి పరిమితి సరిగ్గా 10,000 పౌండ్ల దగ్గర ఆగి ఉండటానికి కారణం ఈ గీతే. దాన్ని దాటితే వ్యాపారానికి వాడే బండ్లకు నిబంధనలు పెరుగుతాయి. అంటే ఆ పరిమితిలో ఉక్కు సత్తువతో పాటు కాగితం పాత్ర కూడా ఉంది. దీని ప్రభావం ఎంతో కాసేపట్లో చూద్దాం.

లాగే బలం

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది టార్క్, అంటే ఇంజను తన ఇరుసును మెలితిప్పే బలం. ఫోర్డ్ 6.7 లీటర్ల డీజిల్‌లో ఎక్కువ బలమున్న రకం నిమిషానికి 1,600 చుట్ల వేగం దగ్గర 1,627 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. 2025 ర్యామ్‌లోని కమిన్స్‌ది 1,458, డ్యురామాక్స్‌ది 1,322. హార్స్‌పవర్‌లో అయితే వరసగా 500, 430, 470. ఈ రెండు వరసలూ ఒకటి కాదని గమనించండి. టార్క్‌లో రెండో స్థానంలో ఉన్న ర్యామ్ హార్స్‌పవర్‌లో మూడోది.

బండిని కొండ ఎక్కించేది ఏది? టార్క్ ఒక్కసారి తిప్పే బలాన్ని చెబుతుంది. ఆ బలంతో నిమిషానికి ఎన్నిసార్లు తిప్పుతున్నామో కూడా కలిపితే వచ్చేది శక్తి, అదే హార్స్‌పవర్. ఒక ఉదాహరణ చూడండి. ఫోర్డ్ డీజిల్ 1,600 చుట్ల దగ్గర దాదాపు 365 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే ఫోర్డ్‌లో దొరికే 7.3 లీటర్ల పెట్రోల్ ఇంజను టార్క్ అందులో సగం కూడా లేదు, 658 న్యూటన్ మీటర్లే. కానీ అది 4,000 చుట్ల దగ్గర తిరుగుతూ ఇచ్చేది దాదాపు 369 హార్స్‌పవర్. ఆ క్షణంలో రెండింటి పనీ దాదాపు సమానం. గేర్లు చుట్లను తగ్గించి టార్క్‌ను పెంచుతాయి కాబట్టి చక్రం దగ్గరికి చేరేసరికి తేడా మాయమవుతుంది. కొండమీద పెట్రోల్ బండి హోరెత్తుతుంది, డీజిల్ బండి ప్రశాంతంగా ఎక్కుతుంది. అది చెవికి తెలిసే తేడా. వేగంలో తేడా అంత ఉండదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ట్రక్కూ ట్రెయిలరూ కలిపి 13,600 కిలోలు. నూటికి 6 వంతుల ఎత్తు. వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఆ బరువును ఎత్తుకు చేర్చడానికే 200 కిలోవాట్లు కావాలి. ఎత్తయిన ట్రెయిలర్ గాలిని చీల్చుకుపోవడానికి 60, టైర్లు దొర్లడానికి 33. మొత్తం 293 కిలోవాట్లు, అంటే చక్రాల దగ్గర 393 హార్స్‌పవర్. ఇంజను నుంచి చక్రానికి చేరేలోపు నూటికి పన్నెండు వంతులు పోతుందనుకుంటే ఇంజను 447 ఇవ్వాలి. ఈ లెక్కన 430 హార్స్‌పవర్ ట్రక్కు ఆ ఎత్తును సుమారు 87 కిలోమీటర్ల వేగంతో, 470 ట్రక్కు 93తో, 500 ట్రక్కు 97తో ఎక్కుతాయి. అదే ఎత్తు 13 కిలోమీటర్ల దూరం సాగినా, మొదటి ట్రక్కుకూ చివరి ట్రక్కుకూ మధ్య తేడా ఒక్క నిమిషం.

ఆగిన చోటునుంచి కదిలేటప్పుడు మరో విషయం బయటపడుతుంది. మొదటి గేరూ వెనక ఇరుసు గేరూ కలిపి ఇంజను టార్క్‌ను సుమారు 20 రెట్లు పెంచుతాయి. ఆ ఫోర్డ్ టార్క్ మొత్తం చక్రం దాకా చేరితే నేలను వెనక్కి నెట్టే బలం 7,700 కిలోల బరువుతో సమానం అవుతుంది. వెనక ఇరుసు మీద 4,400 కిలోలున్నా, పొడి రోడ్డు మీద టైర్లకు దొరికే పట్టు 3,500 కిలోలకు మించదు. టైరు తీసుకోగలిగినదానికి రెట్టింపు బలం ఇంజను దగ్గర సిద్ధంగా ఉంది. ఇంకో 100 న్యూటన్ మీటర్లు పెరిగాయన్న వార్త అక్కడ ఎవరికీ ఉపయోగపడదు.

అలాగని డీజిల్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ అనలేం. కొలరాడోలో ఐ-70 హైవే మీదున్న ఐసెన్‌హోవర్ సొరంగం సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి సముద్రమట్టం దగ్గరి గాలితో పోలిస్తే నూటికి 70 వంతులే చిక్కన. తన ఊపిరి మీదే ఆధారపడే పెట్రోల్ ఇంజను బలం దాదాపు అదే నిష్పత్తిలో పడిపోతుంది. ఆ 430 హార్స్‌పవర్ అలాంటి ఇంజనుదే అయితే, మన లెక్కలోని 87 కిలోమీటర్ల వేగం అక్కడ 70 దగ్గరికి దిగుతుంది. డీజిల్‌కు టర్బో ఉంది. అది పల్చటి గాలిని కుదించి లోపలికి నెట్టి లోటును చాలావరకు పూడుస్తుంది. పైగా తక్కువ చుట్లు, తక్కువ ఇంధనం. వారానికి నాలుగు రోజులు బరువు లాగుతూ రాష్ట్రాలు దాటేవాడికి డీజిల్ తన ఖర్చు తానే తెచ్చిపెడుతుంది. ఊళ్ళోనే తిరిగే ప్లంబరుకూ, నెలకోసారి ట్రెయిలర్ తగిలించేవాడికీ అది భారమే. డీజిల్ ఇంజను కోసం అదనంగా చెల్లించాల్సింది దాదాపు 10,000 డాలర్లు.

మూడు డీజిళ్ళ కట్టుబడిలో మాత్రం ఆసక్తికరమైన తేడాలున్నాయి. కమిన్స్‌లో ఆరు సిలిండర్లు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. ఆ అమరికలో పిస్టన్ల ఊపులు ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి. ఇరుసును ఏడు చోట్ల బేరింగులు పట్టుకుంటాయి. దాని దీర్ఘాయుష్షు పేరుకు ఇదొక కారణం. ఫోర్డ్, డ్యురామాక్స్ రెండూ ఎనిమిది సిలిండర్ల వి ఆకారపు ఇంజన్లు. ఫోర్డ్ వాళ్ళు పొగ వెళ్ళే దారులను ఆ వి లోయ లోపలికి తిప్పి, టర్బోను అక్కడే కూర్చోబెట్టారు. దారి తగ్గడంతో టర్బో చప్పున అందుకుంటుంది. ముందు చక్రాల దగ్గర జనరల్ మోటార్స్ దారి వేరు. నాలుగు చక్రాలూ తిరిగే రకంలో ఫోర్డ్, ర్యామ్ ముందు కూడా ఒకే మొద్దు ఇరుసు వాడితే, ఇది ఎడమ కుడి చక్రాలకు విడివిడిగా ఊగే ఏర్పాటు పెట్టింది. ఖాళీ బండి నడిపేటప్పుడు ఆ సుఖం తెలుస్తుంది. మంచు తోసే నాగలి ముందు తగిలించేవాళ్ళలో చాలామంది మొద్దు ఇరుసునే నమ్ముతారు.

మోసే బలం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎద్దుల బండి కట్టిన ఏ రైతునడిగినా ఈ సూత్రం చెబుతాడు. సామాను వెనక్కి ఎక్కువైతే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడకు కింద నుంచి ఒత్తుతుంది. ముందుకు ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. కాడి మీద కాస్త బరువు నిలిచేలా సర్దినవాడే బండి కట్టడం వచ్చినవాడు. ట్రక్కు వెనక ట్రెయిలర్‌ది కూడా ఇదే బాధ. ట్రెయిలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. కొంత భాగం తగిలించిన చోట ట్రక్కు మీద పడాలి, పడకపోతే ప్రమాదం. ట్రక్కు వెనక బంపరు కింద గుండుకు తగిలించే ట్రెయిలర్ అయితే దాని బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు. తొట్టి మధ్యలో, వెనక ఇరుసు మీదుగా తగిలించే గూస్‌నెక్, ఫిఫ్త్ వీల్ రకాలైతే 15 నుంచి 25 వంతులు.

ఈ బరువు ట్రక్కు లాగే బరువు కాదు, మోసే బరువు. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే దాని చట్రం మీద ఒక చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిసి ఇంతకు మించకూడదని ఆ స్టిక్కరు ఆ ఒక్క బండికే వర్తించేలా చెబుతుంది. ప్రకటనలోని అంకె ఆ మోడల్‌లో అన్నిటికంటే అనుకూలమైన బండిది. స్టిక్కరు మీది అంకె మీ బండిది.

ముప్పావు టన్ను డీజిల్ ట్రక్కు, నాలుగు తలుపులు, నాలుగు చక్రాలూ తిరిగే రకం తీసుకుందాం. మొత్తం పరిమితి 4,536 కిలోలు. ఖాళీ బండే సుమారు 3,540 కిలోలు తూగుతుంది. మిగిలింది వెయ్యి కిలోలు. నలుగురు పనివాళ్ళు 320 కిలోలు. పనిముట్ల పెట్టె 150. తొట్టిలో బిగించిన ఫిఫ్త్ వీల్ సామగ్రి 80. ఇక మిగిలింది 450 కిలోలు. ట్రెయిలర్ బరువులో నూటికి 20 వంతులు ట్రక్కు మీద పడతాయనుకుంటే, తగిలించదగిన ట్రెయిలర్ 2,250 కిలోలు. ఇదే ట్రక్కు ప్రకటనలో 9,000 కిలోలు లాగుతుందని ఉంటుంది. లాగుతుంది కూడా. ఇంజనుకు ఆ సత్తా ఉంది. కానీ నలుగురు మనుషులతో, పనిముట్లతో వెళ్ళేవాడికి అందులో నాలుగో వంతే దక్కుతుంది.

ఇప్పుడు ఒక టన్ను తరగతికి మారదాం. అదే ఇంజను, అదే క్యాబిన్. వెనక ఇరుసుకు రెండుకు బదులు నాలుగు చక్రాలు. అమెరికాలో దీన్ని డ్యూయలీ అంటారు. మొత్తం పరిమితి 6,350 కిలోలు, ఖాళీ బరువు సుమారు 3,850. మిగిలింది 2,500. అదే 550 కిలోలు తీసేస్తే 1,950. తగిలించదగిన ట్రెయిలర్ 9,750 కిలోలు. తరగతి ఒక్కటి మారితే పని నాలుగు రెట్లు దాటింది. మూడు కంపెనీల మధ్య ఎంత వెతికినా ఇంత తేడా దొరకదు.

ఈ లెక్కలోంచే ఇంకో పాఠం వస్తుంది. డీజిల్ ఇంజను పెట్రోల్ ఇంజను కంటే బాగా బరువు. మొత్తం పరిమితి 4,536 దగ్గరే కట్టేసి ఉంది కాబట్టి, ఇంజను తిన్న ప్రతి కిలో సామానులోంచి పోతుంది. అందుకే ముప్పావు టన్ను తరగతిలో ఖరీదైన డీజిల్ ట్రక్కు కంటే చవకైన పెట్రోల్ ట్రక్కే తొట్టిలో ఎక్కువ మోస్తుంది. ఇసుక, సిమెంటు, పెంకులు తొట్టిలోనే వేసుకెళ్ళేవాడికి డీజిల్ కొనడమంటే డబ్బిచ్చి మోసే బలం తగ్గించుకోవడమే.

స్ప్రింగుల్లో కూడా కంపెనీల ఆలోచన కనిపిస్తుంది. ర్యామ్ 2500కు 2014 నుంచి వెనక చుట్టల స్ప్రింగులున్నాయి. కుదుపు తక్కువ. అదే కంపెనీ 3500కు మాత్రం పాత కమాను పట్టీలనే ఉంచింది. ఖాళీగా తిరిగే రోజులెక్కువా, నిండుగా తిరిగే రోజులెక్కువా అన్న ప్రశ్నకు ఒకే కంపెనీ ఇచ్చిన రెండు జవాబులివి.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ పడిందన్నది కూడా ముఖ్యం. బంపరు కింది గుండు వెనక ఇరుసుకు దాదాపు 1.4 మీటర్ల వెనక ఉంటుంది. అక్కడ 700 కిలోలు పడితే బండి వెనక ఇరుసు ఆధారంగా తూగుతుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 4 మీటర్లనుకుంటే, ముందు ఇరుసు 245 కిలోలు తేలికవుతుంది, వెనక ఇరుసు మీద 945 కిలోలు పడతాయి. స్టీరింగు తిప్పే చక్రాలూ, బ్రేకు భారం ఎక్కువగా మోసే చక్రాలూ ముందువే. అవి తేలికవడం ప్రాణాంతకం. బరువును తిరిగి ముందుకు నెట్టే ఉక్కు కడ్డీల హిచ్ వాడటానికి కారణం ఇదే. గూస్‌నెక్‌లో బరువు నేరుగా ఇరుసు మీదికే వస్తుంది కాబట్టి ఈ సమస్య ఉండదు. పెద్ద ట్రెయిలర్లన్నీ ఆ రకమే.

ఊగిసలాట

ట్రక్కు మీద బరువు తక్కువ పడేలా సామాను వెనక్కి జరిపితే స్టిక్కరు లెక్క తప్పించుకోవచ్చని కొందరికి తోస్తుంది. దానంత ప్రమాదం ఇంకొకటి లేదు. సామాను వెనక్కి వెళ్ళిన ట్రెయిలర్ తోకలా ఊగుతుంది. తక్కువ వేగంలో ఆ ఊపు రెండు మూడు సార్లకు అణగారిపోతుంది. వేగం పెరిగేకొద్దీ అణచే గుణం తగ్గుతూ వస్తుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. పక్కనుంచి దాటిన లారీ గాలి చాలు మొదలవడానికి. అప్పుడు డ్రైవరు కాలు సహజంగా బ్రేకు మీదికి పోతుంది. ట్రక్కు తగ్గి, ట్రెయిలర్ వెనక నుంచి నెట్టడంతో ఊపు ఇంకా పెరుగుతుంది. చేయాల్సింది ఆక్సిలరేటరు మీద కాలు తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, డాష్‌బోర్డు మీదున్న చేతి మీటతో ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే వేయడం. వెనక నుంచి లాగి పట్టినట్టై రెండూ ఒక గీతలోకి వస్తాయి. అసలు ఆ స్థితే రాకుండా, సామానులో నూటికి 60 వంతులు ట్రెయిలర్ ముందు సగంలో ఉండేలా సర్దాలి.

ఆపే బలం

ఎక్కిన కొండ దిగాలి. డేవిస్ డ్యామ్ రోడ్డునే కిందికి దిగుదాం. 13,600 కిలోలు 900 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి 120 మెగాజౌళ్ళు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఉన్న అదే బండిని ఒక్కసారి పూర్తిగా ఆపడానికి బ్రేకులు మింగాల్సింది 4.25 మెగాజౌళ్ళే. అంటే దిగుడంతా బ్రేకుల మీదే దిగడం 28 సార్లు వరసగా అత్యవసర బ్రేకు వేయడంతో సమానం. 350 లీటర్ల చల్లని నీటిని మరిగించేంత వేడి అది. బ్రేకు దిమ్మెలు ఆ వేడిని అంత త్వరగా గాలికి వదలలేవు. ఎర్రబడతాయి. పట్టు పోతుంది. పెడలు కిందిదాకా తొక్కినా బండి ఆగదు.

ఈ భయాన్ని స్వయంగా చవిచూసిన మనిషే ఈ రంగానికి మూలపురుషుల్లో ఒకడు. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో 1919లో కమిన్స్ కంపెనీని స్థాపించిన క్లెస్సీ కమిన్స్ 1931లో తన డీజిల్ ఇంజను బిగించిన ట్రక్కులో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు బయలుదేరాడు. ప్రయాణం చివర్లో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు చాలలేదు. కింద రైల్వే క్రాసింగు దగ్గర గూడ్సు బండి దాటుతోంది. వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ అనుభవం ఆయనను వదల్లేదు. ఇంజనునే బ్రేకుగా వాడే పరికరాన్ని తర్వాత రూపొందించాడు. జేకబ్స్ కంపెనీ 1961లో దాన్ని అమ్మకానికి తెచ్చింది. ఇవాళ్టి పెద్ద లారీల్లో జేక్ బ్రేక్ అని పిలిచేది దాన్నే.

ఎక్కిన గేరులోనే దిగాలని ఘాట్ రోడ్ల డ్రైవర్లు చెప్పే మాటకు అర్థం, వేగాన్ని ఇంజనుకు అప్పగించమని. పెట్రోల్ ఇంజనులో గాలి దారిని మూసే కవాటం ఉంటుంది కాబట్టి కాలు తీయగానే ఇంజను కొంత లాగి పడుతుంది. డీజిల్‌కు ఆ ఆసరా దాదాపు లేదు. అందుకే ఈ పికప్‌లలో ఎగ్జాస్ట్ బ్రేకు పెడతారు. టర్బోలో పొగ వెళ్ళే దారి చుట్టూ కదిలే సన్నని రెక్కలుంటాయి. మీట నొక్కి కాలు తీస్తే అవి ముడుచుకుని దారిని ఇరుకు చేస్తాయి. పిస్టన్లు ఆ ఒత్తిడికి ఎదురు గాలిని బయటికి నెట్టాల్సి వస్తుంది. ఆ శ్రమ బండి వేగంలోంచి తీసుకున్నదే. వేడి బ్రేకు దిమ్మెలకు చేరకుండా పొగగొట్టం గుండా, రేడియేటర్ గుండా బయటికి పోతుంది. మూడు కంపెనీల డీజిళ్ళలోనూ ఇది ఉంది. కొండల్లో లాగేవాడికి డీజిల్ కొనడానికి అన్నిటికంటే గట్టి కారణం నా దృష్టిలో ఇదే. ఎక్కేటప్పుడు వెనకబడితే పోయేది నిమిషం. దిగేటప్పుడు బ్రేకు పోతే పోయేవి ప్రాణాలు.

ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు, అంటే 1,360 కిలోలు దాటిన ట్రెయిలర్లకు బ్రేకులు తప్పనిసరి చేశాయి. మన పల్లెల్లో బ్రేకుల్లేని ట్రాలీలో టన్నులకు టన్నులు ధాన్యమో, చెరుకో వేసి ట్రాక్టరుకు తగిలించడం మామూలైపోయింది. దిగుడులో ఆ బరువంతా ట్రాక్టరు వెనక చక్రాల మీదికి నెడుతుంది. ఇక్కడ లెక్కేసిన సూత్రాలన్నీ అక్కడా అంతే నిజం, వేగం తక్కువ కావడం ఒక్కటే తేడా. మన రోడ్ల మీద ట్రాలీకి బ్రేకులు పెట్టించడం పెద్ద ఇంజనీరింగ్ సమస్య కాదు. పట్టింపు లేకపోవడమే సమస్య.

పొగ ఖరీదు

డీజిల్ బలానికి మరో మూల్యం ఉంది. అధిక వేడి, అధిక ఒత్తిడిలో మండేటప్పుడు గాలిలోని నత్రజని కూడా ఆక్సిజన్‌తో కలిసి ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులవుతుంది. వాటిని విరగ్గొట్టడానికి యూరియా ద్రావణం చల్లే ఏర్పాటు, మసిని పట్టే జల్లెడ ఈ ట్రక్కులకు ఉంటాయి. ఊళ్ళో చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో ఆ జల్లెడ తగినంత వేడెక్కదు. పట్టిన మసి కాలక పూడుకుపోతుంది. మరమ్మతు ఖరీదు చిన్నది కాదు. ఈ నియంత్రణలను తప్పించుకునే సాఫ్ట్‌వేరు 2013 నుంచి 2019 దాకా వచ్చిన సుమారు 6,30,000 ర్యామ్ ట్రక్కుల ఇంజన్లలో ఉందని అమెరికా ప్రభుత్వం ఆరోపించింది. కమిన్స్ కంపెనీ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. ఆ దేశపు స్వచ్ఛమైన గాలి చట్టం కింద అదే అతిపెద్ద జరిమానా. మంచి ఇంజను తయారుచేసిన కంపెనీ నిజాయితీ నుంచి మినహాయింపు పొందదు. బలాన్ని పోల్చేటప్పుడు ఆ బలం ఎవరి ఊపిరి మీద వచ్చిందో కూడా లెక్కలోకి రావాలి.

ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి

కొనేవాళ్ళలో చాలామంది ముందు ట్రక్కును ఎంచుకుని, తర్వాత దానికి తగిలించేది వెతుకుతారు. వరస తిరగేయాలి. ముందు బరువు తెలుసుకోవాలి. ట్రెయిలర్‌ను నిజంగా వాడేటట్టు నింపి కాటాకు ఎక్కించాలి. అమెరికాలో లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో ఒక్కో ఇరుసు బరువు విడిగా చూపే కాటాలుంటాయి, ఖర్చు కొద్ది డాలర్లే. ఆ బరువులో ట్రక్కు మీద పడే వాటా ఎంతో కట్టాలి. అందులో ఎక్కే మనుషులను, పనిముట్లను కలపాలి. ఆ మొత్తం ఏ తరగతి ట్రక్కు స్టిక్కరులో ఇమిడితే ఆ తరగతి కొనాలి. ఆ తర్వాత దారి చూడాలి. కొండలు, దూరాలు ఎక్కువైతే డీజిల్, ఎగ్జాస్ట్ బ్రేకు. చదును నేల, దగ్గరి తిరుగుడు, తొట్టిలో మోత అయితే పెట్రోల్. కంపెనీ పేరు అన్నిటికీ చివర. ఫోర్డా, ర్యామా, షెవ్రొలేనా అన్నది దగ్గరలో ఎవరి మెకానిక్ మంచివాడో, ఏ సీటు నడుముకు నప్పుతుందో చూసి తేల్చుకున్నా పెద్దగా నష్టం లేదు, ఎందుకంటే ఆ మెట్టుకు వచ్చేసరికి మూడూ పనికి సరిపోయే బండ్లే అయివుంటాయి.

ఎఫ్-450 సుమారు 18,100 కిలోలు, సిల్వరాడో 16,300 కిలోలు లాగుతాయన్నది నిజమే. అది గొప్ప ఇంజనీరింగ్, మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ అంకె కంపెనీ సాధించినది. కొన్నవాడు రేపు ఉదయం తన పనివాళ్ళతో, తన యంత్రంతో, తన కొండదారిలో దిగాల్సిన బరువుకు హామీ ఇచ్చేది తలుపు సందులోని ఆ చిన్న స్టిక్కరే. కొనేముందు షోరూములో అడిగి తలుపు తెరిపించి దాన్ని చదవండి.